చెరువు నీళ్లు మరీ పచ్చబడుతున్నాయా? మందు కొనేముందు ఈ లెక్క వేసి చూడండి

ఎండాకాలం కాలవలు కట్టేశాక గుడివాడ, నందివాడ, ఉంగుటూరు, పెదపారుపూడి వైపు చేపల చెరువులున్న ప్రతి ఒక్కళ్లకీ ఇదే టెన్షను, కొత్త నీళ్లు రావు, ఉన్న నీళ్లు రోజూ ఇంకిపోతా ఆవిరైపోతా ఉంటాయి, మేత మాత్రం రోజూ పడతానే ఉంటది, ఇంకేముంది నీళ్లు ముందు లేత పచ్చ, తర్వాత చిలకపచ్చ, ఆ తర్వాత పెయింట్ డబ్బా ఒంపినట్టు అయిపోతాయి. అప్పుడు అందరూ చేసే పని ఒకటే, ఆక్వా షాపుకెళ్లి "నాచు చచ్చే మందు ఇవ్వండి" అని అడగటం. అసలు నాచు అంతలా ఎందుకు పెరిగిందో, దానికి తిండి ఎవరు పెట్టారో చూడకుండా మందు కొడితే ఒక్కోసారి నాచుతో పాటు చేప కూడా పోద్ది. అందుకే ఇది రాస్తున్నా, ఎకరం రెండెకరాలు లీజుకి తీసుకుని మొదటిసారి చెరువు చేస్తున్న కుర్రాళ్లు ముఖ్యంగా చదవండి.

ముందు ఒక మాట, పచ్చదనం మనకి శత్రువు కాదు. లేత ఆకుపచ్చో, కొంచెం గోధుమరంగు కలిసిన పచ్చో ఉంటే అది మంచి ప్లాంక్టన్ (నీళ్లలో తేలే, కంటికి ఆనని సన్న నాచు, పురుగులు), పగలంతా ఆక్సిజన్ ఇచ్చేది అదే, అమ్మోనియాని తినేసేది అదే, బొచ్చెకి మేత కూడా చాలావరకు అక్కణ్ణించే వస్తది. నీళ్లు అద్దంలా ఉంటే అదీ తప్పే, ఎండ అడుగుదాకా దిగి అడుగునుంచి పీచు నాచు, కలుపు లేస్తది. కాబట్టి మన పని నాచుని చంపటం కాదు, దాన్ని ఒక హద్దులో ఉంచటం, ఆ హద్దు అనేది మనం చెరువులో వేసే నత్రజని, భాస్వరం చేతిలో ఉంటది.

హద్దు ఎలా కొలవాలి అంటే ఖరీదైన మిషన్ ఏం అక్కర్లేదు. 20 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి రేకు గానీ ప్లాస్టిక్ ప్లేటు గానీ తీసుకుని నాలుగు భాగాలు చేసి ఒకటి నలుపు ఒకటి తెలుపు మార్చి మార్చి పెయింట్ వెయ్యండి, మధ్యలో చిల్లు పెట్టి కింద ఒక బరువు, పైన తాడు, తాడుకి ప్రతి 10 సెంటీమీటర్లకి ఒక ముడి. దీన్నే సెక్కీ డిస్క్ అంటారు. పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 2 లోపు, ఎండ మీ వీపు మీద పడేట్టు నిలబడి నీళ్లలోకి దించండి, ఎక్కడ కనపడకుండా పోయిందో చూడండి, మళ్లీ పైకి లాగుతుంటే ఎక్కడ కనపడిందో చూడండి, రెండిటికీ మధ్యది మీ లెక్క. 30 నుంచి 40 సెంటీమీటర్లు ఉంటే చెరువు బాగుంది, ఏం ముట్టుకోవద్దు. 50 దాటితే నీళ్లలో బలం తక్కువ. 30 కిందకొచ్చి రోజురోజుకీ తగ్గుతుంటే మేత మీద చెయ్యి పెట్టాల్సిన టైమ్ వచ్చింది. 20 కన్నా తక్కువైతే ఆ రాత్రి నుంచే జాగ్రత్త పడాలి, ఎందుకో కింద చెప్తా. వారానికి రెండుసార్లు, ఒకే చోట, ఒకే మనిషి చూసి నోట్‌బుక్‌లో రాస్తే చాలు, ఒక్క రోజు నంబర్ కన్నా అది ఎటు పోతుందో అనేదే ముఖ్యం.

అయితే డిస్క్ కనపడట్లేదంటే అది నాచే అని కాదు. వాన పడ్డాక గట్టు మట్టి కలిసినా కనపడదు. అందుకని ఒక తెల్ల గాజు సీసాలో చెరువు నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా పెట్టండి. పొద్దున్నకి అడుగున మట్టి దిగితే అది మట్టే. పైన పచ్చటి తెట్టు తేలి కింద నీళ్లు తేటగా ఉంటే మాత్రం అది నీలిపచ్చ నాచు, ఎక్కువగా మైక్రోసిస్టిస్ అని ఉంటది అది, దానిలో గాలి తిత్తులుంటాయి కాబట్టి పైకి తేలుతుంది. ఇంకో చిన్న పరీక్ష, ఒక కర్ర పెట్టి తిప్పి లాగండి, కర్రకి జుట్టులా చుట్టుకుంటే పీచు నాచు, కర్రకి పచ్చ రంగు అంటుకుని కారిపోతుంటే నీలిపచ్చది అయ్యే ఛాన్స్ ఎక్కువ. కొన్ని చెరువుల్లో పొద్దున పచ్చగా ఉండి ఎండెక్కేసరికి పైన ఎర్రటి పొర కడతది, చాలామంది విషం కలిపారేమో అని భయపడతారు, అది యూగ్లీనా, అడుగున కుళ్లిన మేత, పెంట ఎక్కువైందని చెప్పే గుర్తు.

వీటిలో నిజంగా భయపడాల్సింది నీలిపచ్చ దానికే. గాలి ఎటు తోస్తే ఆ మూల దళసరిగా పేరుకుంటది, దాంట్లో కొన్ని రకాలు విషం విడుస్తాయి, అలాంటి తెట్టున్న చెరువులో గేదెల్ని దింపటం, నీళ్లు తాగించటం అస్సలు చెయ్యకండి, తెట్టు పేరుకున్న మూలలో పిల్లలు ఈత కొట్టకుండా చూడండి. చేపకి మట్టి వాసన పట్టేది కూడా ఎక్కువగా ఇలాంటి నాచు వల్లే, పట్టుబడి రోజు కొనేవాళ్లు రేటు తగ్గిస్తే ఆ వాసన ఎక్కణ్ణించి వచ్చిందో అప్పుడు తెలుస్తది.

ఇప్పుడు అసలు లెక్క. ఎకరం చెరువు 5 అడుగుల లోతు అనుకోండి, దాంట్లో 60 లక్షల లీటర్ల పైనే నీళ్లుంటాయి. ఒక 50 కేజీల డీఏపీ బస్తా వేశారనుకోండి. డీఏపీలో 46 అని రాసేది భాస్వరం కాదు, దాని ఆక్సైడు లెక్క, అసలు భాస్వరం బస్తాకి 10 కేజీలు వస్తది. ఆ 10 కేజీలు 60 లక్షల లీటర్లలో కలిస్తే లీటర్‌కి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటుద్ది. ఇది చిన్న నంబర్‌లా కనపడుద్ది గానీ, మంచినీటి సరస్సులో మొత్తం భాస్వరం లీటర్‌కి 0.1 మిల్లీగ్రాము దాటితేనే సైంటిస్టులు దాన్ని విపరీతంగా పోషకాలు ఎక్కువైన నీళ్లు అంటారు. అంటే ఒక బస్తాతో మనం దానికి 15 రెట్లు పోస్తున్నాం. కొంత వెంటనే బురద పట్టేసుకుంటది నిజమే, మన నల్లరేగడిలో సున్నం పాలు ఎక్కువ కాబట్టి ఇంకా బాగా పట్టుకుంటది, కానీ అది పోయినట్టు కాదు, బురదలో డిపాజిట్ అయినట్టు, అడుగున ఆక్సిజన్ అయిపోయిన రోజున మళ్లీ పైకి వదులుద్ది.

"నేను డీఏపీ అసలు వెయ్యనే, నాకెందుకు పచ్చబడింది" అని అడుగుతారు చాలామంది. మీరు తవుడు వేస్తున్నారు కదా, అక్కడుంది విషయం. తవుడులో భాస్వరం సుమారు ఒకటిన్నర శాతం ఉంటది, ఒక టన్ను తవుడంటే 15 కేజీల భాస్వరం. దాంట్లో ఎక్కువ భాగం చేప అరిగించుకోలేని రూపంలో ఉంటది. మూడు కేజీల మేతకి కేజీ చేప వచ్చింది అనుకున్నా టన్నుకి 330 కేజీల చేప, చేప ఒంట్లో భాస్వరం అర శాతం అటూ ఇటూ, అంటే చేపతో పాటు బయటికి పోయేది రెండు కేజీల లోపే. మిగతా 13 కేజీలు చెరువులోనే. టన్ను తవుడు వేసిన ప్రతిసారీ ఒక డీఏపీ బస్తా కన్నా ఎక్కువే పోస్తున్నారన్నమాట, ఎప్పుడూ ఎరువు ముట్టుకోకపోయినా. నత్రజని సంగతి చెక్కలో ఉంది, వేరుశనగ చెక్క 100 కేజీల్లో నత్రజని 7 కేజీల దాకా ఉంటది, అది 15 కేజీల యూరియాతో సమానం, దాంట్లో చేప ఒంటికి పట్టేది పావు వంతు అటూ ఇటూ, మిగిలింది అమ్మోనియాగా నీళ్లలోకే. వీటి మీద కోళ్ల ఎరువు కూడా లారీలకి లారీలు దింపితే ఇంక నాచు పెరక్క ఏం చేస్తది చెప్పండి.

రెండిట్లో దేన్ని ముందు తగ్గించాలి అంటే నా ఓటు భాస్వరానికే. 1973లో కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో ఒక సరస్సుని మధ్యలో తెర కట్టి రెండు చేశారు, ఒక సగంలో కార్బన్, నత్రజని మాత్రం వేశారు, రెండో సగంలో ఆ రెండిటితో పాటు భాస్వరం కూడా వేశారు, భాస్వరం పడిన సగం మాత్రమే పచ్చగా అయిపోయింది, పైనుంచి తీసిన ఫొటోలో తేడా గీత గీసినట్టు కనపడుద్ది. నత్రజని తగ్గినా అనబీనా లాంటి కొన్ని నీలిపచ్చ రకాలు గాలిలో నత్రజనిని లాక్కుంటాయి, భాస్వరాన్ని మాత్రం ఏదీ గాలిలోంచి తెచ్చుకోలేదు. ఇంకోటి, భాస్వరం ఎక్కువ నత్రజని తక్కువ అయిన నీళ్లలో ఆ గాలి లాక్కునే రకాలదే పైచెయ్యి అవుద్ది, మంచి పచ్చ నాచు వెనకబడుద్ది. అలాగని అమ్మోనియాని వదిలెయ్యమని కాదు, నాచు పెరగటానికి భాస్వరం కారణం, చేప చావటానికి అమ్మోనియా, ఆక్సిజన్ కారణం, రెండూ వేరు వేరుగా చూడాలి.

ఆ చావు ఎలా వస్తదో కూడా తెలుసుకోండి, అది తెలిస్తేనే టైమ్‌కి లేస్తారు. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తది, రాత్రి అదే నాచు చేపతో పోటీపడి ఆక్సిజన్ పీల్చుద్ది. తెల్లవారుజామున 4 నుంచి 6 మధ్యలో చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉంటది. నాచు దళసరిగా ఉండి, పైగా రెండు మూడు రోజులు మబ్బేసి గాలి ఆడకపోతే పగలు తయారయ్యేది సరిపోదు, రాత్రి ఖర్చు మాత్రం తగ్గదు, అప్పుడే చేప పైకి తేలి నోళ్లు తెరుస్తది. అందుకే డిస్క్ 20 కన్నా తక్కువ చూపించినప్పుడు ఆ రాత్రి నుంచే జాగ్రత్త పడమన్నది, ఏరేటర్ (నీళ్లు చిలికి గాలి కలిపే మిషన్) రాత్రి 11 కల్లా మొదలుపెట్టి ఎండ బాగా పడేదాకా నడపండి. డిఓ మీటరు (నీళ్లలో ఆక్సిజన్ కొలిచేది) ఉంటే తెల్లారకముందు చూడండి, లీటర్‌కి 3 మిల్లీగ్రాముల కింద ఉంటే చేపకి ఇబ్బందే. మధ్యాహ్నం 3 గంటలకి చూసి బాగుంది అనుకుంటే లాభం లేదు, ఆ టైమ్‌లో అన్ని పచ్చ చెరువులూ బాగానే ఉంటాయి.

పీహెచ్ (నీళ్లలో పులుపు, క్షారం కొలత) కూడా రోజుకి రెండుసార్లు చూడాలి, పొద్దున ఎండ రాకముందు ఒకటి, సాయంత్రం మూడు నాలుగింటికి ఒకటి. నాచు పగలు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ లాగేస్తది కాబట్టి సాయంత్రానికి పీహెచ్ పెరుగుద్ది. రెండిటికీ తేడా ఒక పాయింట్ దాటితే నాచు జోరుగా ఉందని అర్థం. ఇది ఎందుకు ముఖ్యమంటే కిట్టుతో చూసిన అమ్మోనియా అంతా విషం కాదు, 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక్క వంతు కూడా విషరూపంలో ఉండదు, 8 దగ్గర 7, 8 వంతులు, 9 దగ్గర 45 వంతుల దాకా వెళ్తది. అదే చెరువు, అదే అమ్మోనియా, పొద్దున బాగున్న చేప సాయంత్రం మేతకి రాకపోవటం దీనివల్లే. సాయంత్రం పీహెచ్ 9 దాటిన చెరువులో సున్నం వెయ్యటం గానీ యూరియా వెయ్యటం గానీ దయచేసి చెయ్యకండి, "నీళ్లు బాలేవు కాస్త సున్నం కొట్టు" అనే సలహా గట్టు మీద ఎవరైనా ఇచ్చేస్తారు, ముందు పీహెచ్ చూశాకే సున్నం.

సరే, ఇప్పటికే పచ్చబడిపోయింది, ఏం చెయ్యాలి. మొదటి పని మేత సగానికి తగ్గించండి, డిస్క్ 20 లోపుంటే రెండు రోజులు పూర్తిగా ఆపండి, చేప దానివల్ల చావదు. మన దగ్గర చిల్లులు పెట్టిన సంచుల్లో మేత కట్టి కర్రలకి వేలాడదీస్తారు కదా, అది మంచి పద్ధతే, ఎందుకంటే మిగిలింది కళ్లకి కనపడుద్ది, కానీ ఆ మిగిలినదాన్ని ఎవరూ లెక్కపెట్టరు, మీద కొత్త మేత పోసి మళ్లీ కడతారు. సంచి కట్టిన రెండు మూడు గంటలకి వెళ్లి పట్టుకుని చూడండి, బరువుగా తగిలితే రేపటి మేత అంత తగ్గించాల్సిందే. పాత పులిసిన మేత చెరువులో దులపకుండా గట్టు మీదకి తెచ్చి పారెయ్యండి. మబ్బు పట్టిన రోజు కూడా తగ్గించండి. కోళ్ల ఎరువు, డీఏపీ ఏదున్నా ఆపెయ్యండి. వారం పది రోజుల్లో డిస్క్ నంబర్ మెల్లగా పైకి రావటం మొదలవుద్ది.

రెండోది నీళ్లు మార్చటం, కాలవ ఉంటే. పైన తెట్టు గాలికి ఏ మూల చేరిందో ఆ మూలనుంచి పైనీళ్లు తీసెయ్యండి, దోమతెర లాంటి సన్నవల పెట్టి తెట్టుని లాగి గట్టు దాటించి పారేసినా భాస్వరం బయటికి పోయినట్టే. కొత్తనీళ్లు పెట్టేముందు ఆ నీళ్లని కూడా సీసాలో పట్టి చూడండి, కిట్టు ఉంటే అమ్మోనియా చూడండి. ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ మూడూ బెజవాడ ఊళ్లోనుంచే వస్తాయి, ఊరి మురుగు వాటిలో కలుస్తుందని అందరికీ తెలిసిందే, ఎండాకాలం తర్వాత కాలవ వదిలిన మొదటి నాలుగు రోజుల నీళ్లు ఆ మురికి మొత్తాన్ని తోసుకొస్తాయి, వాటిని పోనిచ్చి తర్వాత తూము ఎత్తండి. వరికి యూరియా చల్లిన రోజుల్లో మురుగు బోదెల నీళ్లు తోడటం కూడా అంతే. మీరు బయటికి వదిలే నీళ్లు కూడా పక్క రైతు చెరువులోకే పోతాయేమో చూసుకుని, ఆయనకి ఒకమాట చెప్పి వదలండి, ఇటువైపు డ్రెయిన్లు చాలావరకు చివరికి కొల్లేరులోకే కదా చేరేది, అది 2002 నుంచి రాంసర్ సైట్ (ప్రపంచ స్థాయిలో గుర్తించిన చిత్తడి నేల), అసలే గుర్రపుడెక్కతో నిండిపోయి ఉంది.

కాలవ లేనప్పుడు లోతు కాపాడుకోవటమే దారి. 5 అడుగుల నీళ్లు 3 అడుగులకి దిగితే ఏమీ వెయ్యకపోయినా ఉన్న పోషకాలు చిక్కబడతాయి, ఆ పైన మేత. అందుకని కాలవ కట్టేసే డేట్ తెలియగానే చెరువు నిండుగా పెట్టుకోండి, పెద్ద సైజు చేపని ముందుగానే పట్టి అమ్మేసి లోడు తగ్గించుకోండి, రేటు కోసం ఆగి మే నెలంతా నిండు లోడుతో నడపటం చాలా రిస్కు.

మందుల సంగతి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నాచుని చంపుద్ది, ఒప్పుకుంటా. కానీ ఎంత వెయ్యాలి అనేది నీళ్ల ఆల్కలినిటీని (పీహెచ్ పడిపోకుండా ఆపే క్షార గుణం) బట్టి మారుద్ది, తక్కువ ఆల్కలినిటీ నీళ్లలో, అంటే లీటర్‌కి 50 మిల్లీగ్రాముల లోపు, అది చేపకే విషం. డోసు సరిగ్గా పడినా ఇంకో సమస్య ఉంది, చెరువు మొత్తం నాచు ఒక్కసారి చచ్చి కుళ్లితే ఆక్సిజన్ ఒక్క రాత్రిలో పడిపోద్ది, తర్వాత రెండు మూడు రోజులకి అమ్మోనియా లేస్తది, నాచులో ఉన్న విషం నీళ్లలోకి వస్తది, భాస్వరం మొత్తం మళ్లీ నీళ్లలోనే ఉంటది కాబట్టి కొన్నాళ్లకి కొత్త నాచు తయారు. రాగి బురదలో పేరుకుంటది కూడా. చిక్కటి నాచున్న చెరువులో దీన్ని వెయ్యొద్దనే నా సలహా, తప్పదనుకుంటే ఫిషరీస్ ఆఫీసర్‌నో, పోరంకిలో ఉన్న సీఫా (కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ) రీసెర్చ్ సెంటర్ వాళ్లనో అడిగి, ఆల్కలినిటీ చూపించుకుని, ఏరేటర్లు రెడీగా పెట్టుకునే ముట్టుకోండి.

అమ్మోనియా పీల్చుద్దని జియోలైట్ పొడి బస్తాలు కూడా అలవాటుగా కొట్టేస్తున్నారు. ఎకరానికి 20 కేజీలు వేస్తే 60 లక్షల లీటర్లలో లీటర్‌కి 3 మిల్లీగ్రాముల పైన కాస్త వస్తది, అంతే, ఆ కాస్త పొడి ఎంత అమ్మోనియా పీలుస్తదో మీరే ఆలోచించండి, ఆ డబ్బుతో ఏరేటర్ ఇంకో నాలుగు గంటలు నడపొచ్చు. పటిక మాత్రం భాస్వరాన్ని పట్టి కిందకి దించుద్ది, ఇది నిజంగా పనిచేసేదే, కానీ ఎకరానికి లీటర్‌కి 20 మిల్లీగ్రాముల లెక్కన 120 కేజీలు పడుద్ది, ఆల్కలినిటీని తినేస్తది, పీహెచ్ దించుద్ది, పైగా రోజూ మేత పడే చెరువులో కొన్నాళ్లకే మళ్లీ మొదటికొస్తది. చేప పిల్లలు పెంచే చిన్న సెంట్ల చెరువుకో, ఇంటి దగ్గర తామర కుంటకో అయితే పటిక సరిపోద్ది, అప్పుడు కూడా బకెట్లో కరిగించి కొంచెం కొంచెంగా చల్లాలి. వెండి చేప, గడ్డి చేప వేస్తే నాచు తినేస్తాయి అని కూడా అంటారు, కొంత తింటాయి, కానీ తిన్నది పెంటగా మళ్లీ నీళ్లలోకే వస్తది కాబట్టి వాటినే నమ్ముకుని మేత ఎక్కువ వెయ్యకండి.

తెల్లారుజామున వెళ్లేసరికి చేప తేలి ఉంటే ఒక్కటే గుర్తుపెట్టుకోండి, ఆ టైమ్‌లో మేత, సున్నం, మందు, వల ఏదీ చెరువులో పడకూడదు. ఏరేటర్లు అన్నీ వెయ్యండి, లేకపోతే మోటారు పెట్టి చెరువు నీళ్లనే పైకి ఎగజిమ్మి మళ్లీ చెరువులోనే పడేట్టు చెయ్యండి, కాలవ ఉంటే తూము ఎత్తండి. నీళ్లు పచ్చ పోయి గోధుమ, బూడిద రంగులోకి మారి వాసన వస్తుంటే నాచు దానంతట అదే చచ్చిందని లెక్క, అలాంటప్పుడు ఎండెక్కినా ఆక్సిజన్ పెరగదు కాబట్టి పగలు కూడా ఏరేటర్ ఆపొద్దు, ఒక వారం అమ్మోనియా రోజూ చూడాలి.

డిస్క్ 50 దాటి నీళ్లు పల్చబడితే మాత్రం అప్పుడు ఎరువు కావాలి, బస్తా కాదు. ఎకరానికి 5 కేజీల డీఏపీ చాలు, దాంట్లోనే కేజీ భాస్వరం ఉంది. రాత్రంతా నానబెట్టి, పొద్దున ఎండలో కరిగిన నీళ్లని చెరువంతా చల్లి, వారం ఆగి డిస్క్ చూసి అప్పుడు ఇంకో డోసు సంగతి ఆలోచించండి. సూపర్ ఫాస్ఫేట్ గుళికలు నేరుగా విసిరితే అడుగుకి దిగి బురదలో చిక్కుకుంటాయి, సంచిలో కట్టి నీళ్ల పైభాగంలో వేలాడదీస్తే మెల్లగా కరుగుతాయి.

పట్టుబడి అయ్యాక చెరువుని పూర్తిగా తోడేసి, అడుగు నెర్రెలు బారేదాకా ఎండబెట్టండి. ఏళ్ల తరబడి బురదలో పేరుకున్న భాస్వరాన్ని బయటికి పంపే ఛాన్స్ మనకి ఇప్పుడే దొరుకుద్ది. మేత సంచులు కట్టే వరసల కింద, తూము దగ్గర బురద ఎక్కువ దళసరి ఉంటది, కనీసం అక్కడైనా పై నల్ల బురద జేసీబీతో తీయించి పొలాలకి తోలించండి, చేలకి అది మంచి ఎరువు, ఊళ్లో అడిగితే ట్రాక్టర్లు పెట్టుకుని వాళ్లే తోలుకెళ్తారు. తీసిన బురద గట్టు మీద పోసి వదిలేస్తే మాత్రం మొదటి వానకే మళ్లీ చెరువులోకి జారుద్ది.